జారిపడితిని

ఫర్వానియాలో జూలై.
ఆస్పత్రి రికార్డుల గదిలో మాత్రం
శాలువా కప్పుకుని కూర్చుంటాం.
కాగితాలకు చెమట పట్టకూడదట.

కమిటీ నుంచి ముగ్గురు వచ్చారు.
ఒక డాక్టరమ్మ, ఒక కుర్ర లాయరు,
కళ్లజోడు మాటిమాటికీ తుడుచుకునే పెద్దాయన.
ఇంట్లోవాళ్ల చేతుల్లో పోయిన ఆడవాళ్లు
నడిచొచ్చిన దారిని
వెనక నుంచి మొదటికి నడిచి చూడటం వాళ్ల పని,
ఏ గుమ్మం దగ్గర ఎవరు
చెయ్యి అడ్డం పెట్టి ఉండాల్సిందో.

ఈ ఒక్క ఫైలు కోసం నాలుగు నెలలు తిరిగారు.
మొదట, రోగి అనుమతి కావాలన్నారు.
రోగి అప్పటికే పెట్టెలో మద్రాసు దిగి
రాయచోటి రోడ్డు పట్టి పోయింది.
అయితే దగ్గరి బంధువు సంతకం, అన్నారు.
దగ్గరి బంధువు జైల్లో ఉన్నాడు.
అతని మీదే కేసు.
మా ఇంటి సంగతులు మీకెందుకు,
పెట్టను, అన్నాడట.

చివరికి పైనెక్కడో ఒక పెద్ద సంతకం పడింది.
సీలు తీశారు.
నన్ను పిలిచారు,
ప్రతి పేజీ అడుగున
దుబాసీ అన్న గీత మీద
నా పొట్టి సంతకమే ఉంది మరి.

పెంచలమ్మ. ముప్పై ఒకటి. గృహిణి అని ఉంది.
నాలుగిళ్లలో వంట చేసేది.
మొదటిసారి మణికట్టు, జారిపడింది.
తర్వాత చెవి. జారిపడింది.
ఒకసారి తలుపు తగిలింది.
ఆఖరుసారి మళ్లీ జారిపడింది.

పెద్దాయన కళ్లజోడు తీశాడు.
"వానే అరుదైన దేశంలో
ఇంత జారుడు ఎక్కడిదమ్మా?"
ఎవరూ నవ్వలేదు.

మాది భీమవరం వైపు.
ఆమె యాస నాకు మొదట్లో సగమే అందేది.
ఆ మొదటి రాత్రి మాత్రం అంతా అందింది.
"కొట్నాడక్కా, రొట్టెల కర్రతో."
డాక్టరు పెన్ను ఎత్తి
నా నోటివైపు చూస్తున్నాడు.
అప్పుడు పట్టుకుంది నా చెయ్యి,
బాగున్న చేత్తో.
"వద్దక్కా. జారిపడితినని చెప్పు.
నా అకామా ఆయప్ప పేరు మీద ఉండాది."

రెండో మాటనే అరబ్బీలోకి దాటించాను.
మొదటిది నా నోట్లోనే ఉండిపోయింది,
రెండేళ్లుగా,
అన్నంలో రాయిలా.

అడిగింది ఆమె. దాచింది నేను.
ఉద్యోగంలో చేరిన రోజు
రోగి మాట బయట పెట్టనని రాసిచ్చాను కూడా.
ఆ రహస్యం ఆమెది, ఒప్పుకుంటాను.
ఆమె పోయాక ఎవరికి చెందుతుందో
ఆ కాగితంలో లేదు.
లెక్కకు చూస్తే ఇన్నాళ్లూ
అది కాపాడింది అతన్నే.

లాయరు అడిగాడు, మెల్లగానే:
"ఇందులో రాయనిది ఏదైనా
మీకు తెలుసా?"

ఫైలు బల్ల మీద తెరిచే ఉంది.
అనుమతులన్నీ వచ్చిన ఫైలు.
దానిలో ఆమె మాట ఒక్కటీ లేదు.

నోరు తెరిచాను.
అరబ్బీ రాలేదు. ఇంగ్లీషూ రాలేదు.
"కొట్నాడక్కా" అన్నాను,
అచ్చం ఆమె యాసలో.

వాళ్లకు అర్థం కాలేదు.
డాక్టరమ్మ పెన్ను ఎత్తి
నా నోటివైపు చూస్తోంది.
నా చెయ్యి పట్టుకునేవాళ్లు
ఈసారి ఎవరూ లేరు.