అరిగిన మొఖం

ఇరవై తొమ్మిదేండ్లు హన్మకొండ డిపోల
చిల్లర ఎంచిన వేళ్లు ఇవి.
పరకాల బండిల, రాత్రి చివరి ట్రిప్పుల
బల్బు మాడిపోయినా
పావలా ఏదో ఆఠానా ఏదో బొటనవేలే చెప్పేది.
చీకట్ల అంటగట్టిన చెల్లని బిళ్లను
బ్యాగుల పడకముందే పట్టేసేది.

గా వేళ్లకు ఇప్పుడు
ఒక్క బిళ్ల అంతుచిక్కుతలేదు.

మండిబజార్ల పాత ఇనుపసామాన్ల యాకూబ్
సైకిల్ బేరింగుల డబ్బాలకెల్లి తీసి
"రోముది కావచ్చు, కాకపోవచ్చు,
పదిహేను వందలియ్యి" అన్నడు.
కావచ్చుకు ఏడు వందలు,
కాకపోవచ్చుకు ఇంకో రెండు వందలు
లెక్కగట్టి ఇచ్చి తెచ్చుకున్న.

మొదటి తప్పు ఇంటికి రాంగనే చేసిన.
ఇత్తడి చెంబు తోమినట్టు
చింతపండు పెట్టి రుద్దిన.
తెల్లారి చూస్తే తళతళ మెరుస్తంది,
ముక్కు లేదు.
ఇన్నేండ్ల మసే ఆ ముక్కును గీసి ఉంచిందని
నాకేం ఎరుక?
ఏ యుద్ధంల పోని చక్రవర్తి ముక్కు
నా సింకుల కొట్టుకపోయింది.

అవుసుల రామాచారి కాటా మీద పెట్టిండు.
మూడు గ్రాముల మీద ఇంత.
"ఎండి నిజమే. అరిగింది పోంగ మిగిలింది."
అరిగింది ఎటు పోయింది చారీ, అంటే
తన వేళ్లు తనే చూసుకున్నడు,
ఏం చెప్పలే.

చెల్లని రూపాయికి గీతలెక్కువంటరు.
దీనికి గీతలే లేవు.
అంటే ఇది చెల్లిందన్నట్టే.
చెల్లీ చెల్లీ గిట్లయిందన్నట్టు.

లైటు నెత్తి మీద పెడితే ఏమీ కానరాదు.
పక్కకెల్లి పెట్టాలె,
పొద్దుగూకేటప్పటి ఎండ పత్తిచేను మీద పడ్డట్టు.
అప్పుడు సాళ్లు లేస్తయి.
మొఖం వెదకొద్దు, మెడ వెదకాలె.
మెడ వెనక రెండు పోగులు వేలాడితే
అది ఆకుల దండ ముడి.
నెత్తి చుట్టు ముండ్ల తీరు కిరణాలుంటే
ఆ రాజు చాన తర్వాతోడు.
నా బిళ్లకు ఒక్క పోగు దొరికింది.
రెండోది ఉన్నదనుకుంటున్న.

అంచుకు రెండే అక్షరాలు బతికినయి.
ఒక గుడిసె.
దాని పక్కన తలకిందులైన గుడిసె.
సంచిల అద్దం, చేతిల పుస్తకం,
మూడు వారాలు ఆ రెండు గుడిసెల నడుమ
ఊరు వెదికిన.

వెనక దిక్కు ఏముందో అసలే తెల్వలే.
వాన మరక అనుకున్న.
కొమురవ్వ బియ్యం ఏరుకుంట ఏరుకుంట
ఇటు తే అని గుంజుకొని
ఒక్కపారి ఓరగ పట్టింది.
"ఆడామె కూసుంది.
కుర్చీ ఎత్తు ఎక్కువైంది, కాళ్లు ఆనుతలేవు.
ఒక చేతిల కట్టె, ఒక చేతిల కొమ్మ."
ఎట్ల తెలిసిందే?
"నడుము నొచ్చేటామె కూసున్న తీరు
నడుము నొచ్చేటామెకు తెల్వదా?"
బిళ్ల నా ఒళ్లో పడేసి
మళ్ల రాళ్లు ఏరుకుంది.

పుస్తకంల బొమ్మ పక్కన పెట్టి చూసిన.
కుర్చీ కాళ్లు కలిసినయి, కట్టె కలిసింది.
కొమ్మ ఒక్కటి
కలిసినట్టే ఉంది, కలవనట్టే ఉంది.

ఇగ చెంప మీద ఒక గాటు.
అన్నీ అరిగినా అదొక్కటి పదునుగ ఉన్నది.
రోముల పెట్టింది కాకపోవచ్చు.
ఓడ దిగినంక, ఇటు దిక్కు
ఏ అంగడిలనో ఒక షరాబు
రాజు మొఖం చూసి నమ్మక
లోపల రాగి ఉందేమోనని ఉలి పెట్టిండు కావచ్చు.
ఎండే కనబడ్డది. చాలు, పోనియ్ అన్నడు.

నేనూ గదే పని చేసిన.
టికెట్టుకు పంచ్ కొట్టి పోనియ్ అన్న,
ఎక్కినోడి పేరు అడగకుండ.

రిజిష్టర్ల రాజు పేరు గడి ఖాళీగ ఉంచిన.
వెనక బొమ్మ గడిల "కొమురవ్వ చెప్పింది" అని రాసిన.
గాటు గురించి రాయడానికి గడే లేదు,
పక్కకు గీత గీసి చిన్నగ ఇరికించిన.

"ఇంతకు అది చెల్లుతదా?" అంది ఆమె
దీపం తగ్గించుకుంట.
చీకట్ల బొటనవేలు పెట్టి చూసిన.
గాటు తగిలింది.
చివరి ట్రిప్పుల ఎవరన్న చేతిల పెడితే
పరకాల దాంక టికెట్టు కొట్టేద్దును.