ఆరో తట్ట

ఫిషింగ్ హార్బరు. తెల్లవారుజాము నాలుగున్నర.
ఐదు తట్టల కానాగంతలు
నా యాప్‌లో ఎక్కించాడు ఎల్లాజీ.
ఆరోదానికి ఫోను మోగింది.

మాట్లాడి వచ్చేసరికి తెర ఖాళీ.
"ఏటి బాబూ, నీ దానికి మతిమరుపా?"

చిన్న ఫోను, చోటు చాలదు;
కళ్లముందు లేనిదాన్నే ముందు చంపేస్తుంది.
ఎలా చెప్పను?
పడవ జాడ చూసే ముక్క మాత్రం
వేరే ప్రాసెస్‌లో, ఏమీ ఎరగనట్టు,
డాల్ఫిన్ కొండ అవతల
చుక్కలు పెడుతూనే ఉంది.

పక్కన నూకాలమ్మ రొయ్యల తట్టలు లెక్కిస్తోంది.
ఎవరో కేకేశారు.
లేచే ముందు నాలుగు గవ్వలు
తట్ట అంచున పెట్టి వెళ్లింది.
టీ తాగొచ్చి, "అయిదు" అంది.

చేపనీళ్లలో కాళ్లు పెట్టుకునే
లాప్‌టాప్ తెరిచాను.
తెర పక్కకి తప్పుకున్నప్పుడే దాచాల్సింది,
పోయేటప్పుడు దాచుకోవచ్చులే అనుకున్నాను,
చెప్పి పోతుందని.