తండ్రి పేరు గడి

లోయిస్ అమ్మ వెర్మాంట్ నుంచి వచ్చింది.
డెబ్బై ఏండ్లు, మోకాలికి పట్టీ,
సంకల చాపలెక్క చుట్టిన కాయితం.
బల్ల మీద పరిస్తే
చాయ గ్లాసు, నా తాళాల గుత్తి, సండే స్కూలు పుస్తకాల కట్ట
మూలమూలకు బరువు పెట్టాల్సొచ్చింది.
అంత వంశం!
ఓడ దిగినోడు, గొర్లు మేపినోడు, యుద్ధంల కాలు పోయినోడు,
అందరికి పుట్టిన తేదీ ఉంది, చచ్చిన తేదీ ఉంది.
ఒక్క ఎజ్రాకే రెండోది లేదు.
పాలమూరు అని రాసి, పక్కన ప్రశ్నగుర్తు.

మా ముసలోళ్ళకు ఆయన ఎజ్జిరయ్య దొర.
ఎడ్లబండి మీద మక్తల్ దాకా పోయి
జొన్నరొట్టెకు కారం అద్దుకొని తిని
కండ్లనీళ్ళు పెట్టుకున్నడని చెప్పి నవ్వేటోళ్ళు.
లోయిస్ అమ్మ అది కూడ రాసుకుంది.

బీరువా మూడో అరల నుంచి రిజిస్టర్ తీసిన.
చెదలు అంచులు తిని నడుమ వదిలిపెట్టినయి.
1886. ఆయన చేతిరాత,
అప్పుడప్పుడే నడక నేర్చినట్టు పక్కకు ఒరిగిన తెలుగు.
ఆమె వేలు గాల్లనే ఆ రాత మీద పోయింది, తాకలేదు.
నా వేలు పదకొండో వరుసల ఆగింది.

పాత పేరు: పెంటడు.
కొత్త పేరు: నతానియేలు.
ఊరు రాసిండు. కులం రాసిండు.
తండ్రి పేరు: తెలియదు.

"ఈయన ఎవరు?"
మా తాతకు తాత అన్న.

ముందు పుట్టినోళ్ళంత పోతే
పసిపోరన్ని పెంటకుప్ప మీద పెట్టి ఎత్తుకుంటరు,
చావుకు రోత పుట్టి వదిలేస్తదని.
నతానియేలంటే దేవుడిచ్చినోడట.
పేరు మార్చిన అనుకున్నడు దొర,
మా అవ్వ లెక్కల రెండూ ఒకటే మాట.

తెలియదని ఎవరు చెప్పిన్రు?
పెంటనికి తెల్వదా వాళ్ళ నాయిన పేరు?
దొర అడగనే లేదా,
నడుమ కూసున్న మున్షీకి పలకబుద్ధి కాలేదా.
మా పెద్దత్త, ఎవరు చచ్చినా శవం మీద పడి
రాగం తీసి పేర్లు తవ్వేది,
"బుడ్డలింగని పెంటని ఇంటి దీపమా" అని.
పెద్దత్త పోయిననాడు ఆ రాగం ఎవరికీ రాక
టేపుల స్తోత్రాలు పెట్టినం.

ఎజ్రా ఎక్కడ చచ్చిండో దొరకలేదు.
కొన్ని పేజీల తర్వాత రాత ఇంకో చేతిది, అంతే.
పోయేముందు ఆమె పెన్సిల్ అడిగింది.
"ఆ పేరు చెప్పండి, నెమ్మదిగా."
బు. డ్డ. లిం. గ. డు.
ఎజ్రా పక్కన తెల్లగ మిగిలిన చోట
ఏ గీతకూ తగలకుండ రాసుకుంది.
సరిగ్గ రాసిందో లేదో నేను చూడలేదు.
తాళాల గుత్తి తీసుకున్న.
కాయితం దానంతటదే చుట్టుకుంది.