శుభ్రమైన అరచేతులు

"జారిపడ్డాను, అంతే. మంచు," అన్నాడు
అల్ఫోన్స్ కోంకెల్, గ్దీనియా రేవులో క్రేన్ నడిపేవాడు.
గడ్డం చీలింది. నాలుగు కుట్లు వేశాం.
ఊడిన పన్ను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు,
ఎవరైనా అడిగితే చూపించాల్సిన రసీదులా.

చేతులు చాపమన్నాను.
ఇరవై ఏడేళ్ల లీవర్లు కాయించిన కాయలు,
వాటి మీద ఒక్క గీత లేదు.

జారినవాడు చేతులు ఆనిస్తాడు.
పసివాడైనా, తాగినవాడైనా సరే.
మొహంతో నేలని తాకినవాడు
ఆ క్షణానికి ఇంట్లో లేడన్నమాట.

ఆ మాట పైకి అనలేదు.
"పడేముందు ఏమనిపించింది?"
"ఏమీ లేదు."
"కళ్లు చీకట్లు కమ్మాయా? చెమట? గుండె దడ?"
"సూప్ పళ్లెం పట్టుకుని నుంచున్నాను. తర్వాత కింద ఉన్నాను."

క్యాంటీన్‌లోకి మంచు ఎలా వచ్చిందని అడగలేదు.
ఆ రెండు వాక్యాల మధ్య చుక్క ఉందే,
నాకు కావాల్సిందంతా అందులో ఉంది.

అది చూసినావిడ బయట బెంచీ మీద ఉంది.
ఏప్రన్ విప్పకుండానే అంబులెన్స్ ఎక్కేసిన యద్విగా నెట్సెల్,
ఒళ్లో అతని టోపీ.
"కొవ్వొత్తి రంగుకి తిరిగాడమ్మా. కాళ్లూ చేతులూ కొట్టుకోలేదు.
కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు.
అయిదు నిమిషాల పైనే ఉంటుంది."

అందరూ అయిదు నిమిషాలే అంటారు.
భయం దగ్గరున్న గడియారంలో అంతకన్నా చిన్న ముల్లు లేదు.

"ఆ అయిదు నిమిషాలూ మీరేం చేశారు?"
"మంగళవార్త జపం మొదలుపెట్టా. సగంలో ఉండగానే
సూప్ ఎవరు ఒలకబోశారని అడిగాడు, వెధవ."

లోపలికి తీసుకొచ్చి, అతని మంచం పక్కన నిలబెట్టి
మళ్లీ చెప్పమన్నాను, అంతే వేగంగా, అక్కడిదాకా.
వాచీ చూసుకున్నాను.
పక్క మంచం మీది తాగుబోతు లేచి సిలువ గుర్తు వేసుకున్నాడు.
తొమ్మిది సెకన్లు.
తను లేని కాలం ఎంత పొడుగో
కోంకెల్ నోరు తెరుచుకుని విన్నాడు.

కాగితంలో ఇంకో గడి మిగిలింది.
ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా పోయారా?
"లేదు. నాన్న సముద్రంలో పోయాడు."
"తుఫానా?"
"జూలై నెల. నీళ్లు అద్దంలా ఉన్నాయి."
కాసేపు పైకప్పు చూశాడు.
"ఊళ్లో అందరికీ ఈత నేర్పింది ఆయనే.
ఆ రోజు పడవలో ఒక్కడే ఉన్నాడు."

జపం చదివేవాళ్లెవరూ లేరు అక్కడ.
ఛాతీ మీద ఈసీజీ తీగలు అతికిస్తుంటే
సముద్రం మీద ఇన్నేళ్లుగా ఉన్న ఫిర్యాదు
మా ముగ్గురి మధ్య ఊగింది, ఎక్కడ దించాలో తెలియని బరువులా.

"రాయకండి డాక్టరమ్మా," అన్నాడు.
"రాస్తే నన్ను పైకి ఎక్కనివ్వరు."
నలభై మీటర్ల ఎత్తున గాజు గది.
దాని కింద హెల్మెట్లు, ఆ హెల్మెట్ల మీదుగా కంటైనర్లు.

యద్విగా టోపీని అతని కాళ్ల దగ్గర పెట్టింది.
"అన్నీ రాయండి," అంది నాతో.
"సూప్ సంగతి కూడా."