ముప్పై మూడో పన్ను

షార్జా, సజా. రెండో అంతస్తు, పద్నాలుగో రూము.
మెస్సు లెక్క రాసేది నేనే.
ఎనిమిది మంది ఆకలికి ఒక్క పొడుగు నోటుబుక్కు.

శుక్రవారం పొద్దున బకాలా బిల్లు విప్పుత:
బియ్యం, కందిపప్పు, ఉల్లిగడ్డ,
గంగరాజం లేకుంటె బతకనంటడు, ఆ చింతపండు,
రెండు డజన్ల గుడ్లు, మంచినూనె,
ఎవ్వలు తెచ్చిండ్రో ఎవ్వలూ ఒప్పుకోని బిస్కెట్ల పుడ.
రెండువందల పన్నెండు దిర్హాములు.
దాని కింద, చీమలు నడిచినట్టు చిన్న అక్షరాల,
పది దిర్హాముల అరవై ఫిల్సులు.

తిరుమలేషు కొత్తగ దిగిండు. అడిగిండు:
"ఇదేం వస్తువే అన్నా? సంచిల లేదు?"
సంచి బోర్లించి దులిపిండు గూడ.

"పన్నురా."
"ఈ దేశంల పన్ను లేదన్నడు గద ఏజెంటు!"
జీతం మీద లేదు, నిజమే.
జీతం మీద చెయ్యి వెయ్యరు.
అది గిన్నెలకు దిగేదాంక ఆగి
అప్పుడు చిటికెడు తీస్తరు.

పొయ్యి కాడికెల్లి గంగరాజం నవ్విండు.
కుడి దవడకు నాలుగు లేవు,
పీకిచ్చుకున్నడు గని కట్టిచ్చుకునే పైసలెక్కడియి.
"నోట్ల పండ్లన్ని కదులుతయి కొడకా,
ఈ ముప్పై మూడోది మాత్రం కదలదు."

దుకాణపు కుంజుమొయ్దీన్‌ను తప్పు పట్టలేను.
హిందీల మలయాళం కలిపి వాదిస్తడు:
"రోడ్డు మీద లైటు ఊకెనే వెలుగుతదా?
నువ్వు నడిచే తోవకు ఎవడో ఒకడు కట్టాలె."
కట్టాలె. కాదనలె.
ఒకసారి వాననీళ్లు క్యాంపు మెట్లెక్కితే
మూడు దినాలు మోటర్లు వెట్టి తోడింది సర్కారే.
కట్టుడు మీద కాదు నా పంచాయితి,
ఏ కాడ నిలవెట్టి కట్టుమంటున్నరన్నదాని మీద.

మేలిమి బంగారం బిళ్ల, దాచుకునేటిది,
దానికి సున్న పన్నట.
సూపర్‌వైజర్ చెప్తే నమ్మలే, రెండుసార్లు అడిగిన.
కొరికితే పండ్లూడేదానికి లేదు,
చింతపండుకు ఉంది.

ఫోన్ల భూదేవి అన్నది:
"ఈడ తక్కువనా! ఇరువై అయిదు కిలోల సంచికి పన్నని
మిల్లోళ్లు ఇరువై ఆరు నింపుతుండ్రు."
ఒక్క కిలో ఎక్కువైతే మాఫీ.
ఆ రాత్రి నిద్ర రాలే.
సంచి ఎత్తగలిగినోడు దాటిపోతడు,
అయిదు కిలోల ప్యాకెట్టు కొనేటోడు దొరికిపోతడు.

నన్నడిగితే (అడగరు, ఇక్కడ నాకు ఓటా, పాడా)
అన్నం మీద తీసెయ్యిండ్రి అంట.
మరి బిస్కెట్ మీద ఉంచుదామా?
అది తిని రాత్రి డ్యూటీ చేసేటోడు మా రూములనే ఉన్నడు.
గీత ఎక్కడ గియ్యాలో నాకూ తెల్వది.

ఎల్లేశం సంగతి రాయాలె.
వాని కంపెనీ మూడు నెలల సంది జీతమియ్యలె.
రాని జీతానికి పన్ను లేదు.
తిన్న ఉల్లిగడ్డకు ఉంది.
మొన్న నోటుబుక్కు గుంజుకుని
తన పేరు మీద తనే గీత కొట్టిండు:
"నన్ను తీసెయ్యి. సైటు కాడ తింటున్న."
సైటు కాడ ఏం తింటడో నాకెరుకే.
ఒక ఖుబ్బూసు, పచ్చిమిరపకాయ, కూలర్ నీళ్లు.

గీత పక్కన మళ్ల వాని పేరు రాసిన.
రెండువందల ఇరువై రెండు దిర్హాముల అరవై,
ఎనిమిదితో భాగిస్తే ఎప్పుడూ ముక్కలు మిగిలేటియి,
అవి నా జేబుల పడుతున్నయని ఒకసారి కొట్లాట గూడ అయింది.
ఈసారి ఏడుతో భాగించిన.
మనిషికి ముప్పై ఒకటి ఎనభై.
పైసా మిగలకుండ తెగింది లెక్క,
నేనే నమ్మలేక మళ్లొకసారి చేసిన.

ఎనిమిది కంచాలు వేసినం.
గంగరాజం పులుసు వొంపుతాంటె
ఎల్లేశం తల దించుకుని అడిగిండు:
"నాకెంత పడ్డది?"

"పులుపెక్కువైనట్టుంది," అన్న,
"తిని చెప్పు."