అర మైలు గొంతు

లేదమ్మా, ఆ ప్రసంగం ఇక్కడ చెయ్యలేదు.
అది పట్నంలో, కోర్టు హాల్లో,
కిటికీలకు జనం వేలాడుతుండగా.
ఇక్కడ ఆయన దగ్గాడు.

వారానికి మూడు రోజులు ఇలా చెప్పి
ముందుగది తలుపు తీస్తాను.
వర్జీనియాలో ముప్ఫయ్యొక్కేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పాను,
నా పేరు ఒర్లీనా.
ఎబెన్ లాక్రిడ్జ్ గారింటి తాళాలు
ఇప్పుడు నా నడుముకి వేలాడుతున్నాయి.
ఈ మాట అన్నప్పుడల్లా ఎందుకో
కాస్త నిటారుగా నిలబడతాను.

ఇదీ ఆయన కుర్చీ.
ఎడం చెయ్యి వైపు అరిగింది చూడండి,
మాట దొరకనప్పుడు గోటితో గీకేవాడట.
ఆయనకి మాట దొరక్కపోవడం!
నోరున్నవాడిదే రాజ్యం అంటారు,
ఈ నోరు ఒక రాజ్యాన్నే
సముద్రం అవతలికి నెట్టింది.
ఆ తర్వాత పదవులు వరసకట్టి వచ్చాయి, వద్దన్నాడు.
అరవై దగ్గర పడ్డాయి, మోకాళ్ళు వాచాయి,
రెండో భార్య, పదకొండు మంది పిల్లలు, పొగాకు మీద అప్పులు.
ఈ ఎర్రమట్టి గుట్ట కొనుక్కుని
ఏరు కనపడేట్టు వరండా దింపుకున్నాడు.
సాయంత్రాలు ఫిడేలు. శ్రుతి ఎప్పుడూ కుదరలేదట.

తెల్లారకుండానే వరండా చివర నిలబడి
కేకేసేవాడు.
అర మైలు పోయేది గొంతు,
మంచుని చీల్చుకుంటూ
ఏటిగట్టున పొగాకు మడుల దాకా.
స్వేచ్ఛ అన్న మాట దగ్గర
జనం ఊపిరి బిగబట్టింది ఈ గొంతుకే.
ఇక్కడ అది, "లేవండి" అనేది.
"పై మడిలో కలుపు. జాకో, నువ్వు గొడ్లశాలకి."

మాకిచ్చిన కాగితంలో
"అసాధారణమైన కంఠబలం" అని ఉంది.
విన్నవాళ్ళ చెవుల సంగతి లేదు.

ఆయన పోయాక రాసిన జాబితా, ఆ అద్దం వెనక:
వెండి చెంచాలు పద్నాలుగు.
కళ్ళజోడు ఒకటి, పగులు ఉంది.
ఫిడేలు, నాలుగు పౌండ్లు.
ఫిబీ, వంటమనిషి, నలభై.
జాకో, ఫిబీ కొడుకు, ఎనభై అయిదు.
లెక్కల టీచర్ని కదా,
మొదటిసారి చూసినప్పుడు కూడిక సరిచూశాను.
సరిగ్గానే ఉంది.
అదే నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఇది తప్పేనని ఆయనకి తెలుసు.
ఒక స్నేహితుడికి నాలుగు పేజీలు రాశాడు,
మంచి చేతిరాత, కొట్టివేతలు లేవు.
ఆ ఉత్తరం గుర్రం మీద మోసుకెళ్ళింది జాకో.
రానూ పోనూ రెండు రోజులు.
వానొచ్చింటే చొక్కాలో దాచుకుని ఉంటాడు,
చదవడం రాదు.

మా నాయనమ్మ నాయనమ్మకి
ఫిబీ ఏమవుతుందో నాకు కచ్చితంగా తెలీదు.
పిలిచిన పేర్లున్నాయి, ఇంటిపేర్లు లేవు.
కింద దేవదారుల మధ్య రాళ్ళున్నాయి,
వాటి మీద అదీ లేదు.

చివర్లో పిల్లల్ని వరండాలో నిలబెట్టి
ఆయనలా అరవమంటాం. సరదా.
నిన్న ఒక ఏడేళ్ళవాడు
రొమ్ము నిండా గాలి పీల్చి,
రెండు చేతులూ గాల్లోకెత్తి, చరిత్రంతా వాడి వైపే చూస్తుండగా,
"అమ్మా! ఆకలేస్తోందీ!" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ.
దేవదారుల వైపు నుంచి
"ఆకలేస్తోందీ" అని తిరిగొచ్చింది, కొంచెం ఆలస్యంగా.
కారు దగ్గర వాళ్ళమ్మ
సంచిలో బిస్కెట్ల కోసం వెతుక్కుంటోంది.

అయిదింటికి మూసేస్తాను.
వానకి తలుపు ఉబ్బింది,
భుజం పెట్టి నెట్టాలి.