రోజు విడిచి రోజు

దొరవేలు వేలికొనలో సూది దించితే
బొట్టు బయటికి రావడానికే ఆలోచించింది.
"పలమనేరులో టమాటా లోడెత్తుకొని
రాయగడ దాకా పొయ్యొచ్చినా సార్,
వచ్చినాక ఇట్లయిండాది."
చిత్తూరులో మే నెల. ఆస్పత్రి గోడలకే చెమట.
ఆయన మాత్రం రగ్గు కప్పుకొని
పళ్ళు టకటకలాడిస్తున్నాడు.

నిన్న బాగుండె. మొన్న ఇట్లనే. రేపు మళ్ళా బాగుంటాది.
జొరానికో క్యాలెండరుందని వళ్ళెమ్మే ముందు కనిపెట్టింది.
మూడో చలికి ఉంగరం తీసి
బజారువీధి సేటు దగ్గర పెట్టి
ప్రైవేటులో రెండు సెలైన్లు ఎక్కించింది.
వాళ్ళు టైఫాయిడ్ అన్నారు.

పలుచని పూత ఒకటి, మందంపాటి చుక్క ఒకటి.
ఆరనిచ్చి, జీంసా రంగు పోసి, కుళాయి కింద కడిగి
నూనెబొట్టు వేసి కన్ను ఆనించాను.
ముప్ఫై ఒక్కేళ్ళుగా ఇదే కిటికీ, ఇదే కుంటి స్టూలు.

ఉన్నాయి.
గులాబీ బిళ్ళల్లో నీలం ఉంగరాలు,
ఒక్కో ఉంగరానికి ఒక ఎర్రరాయి.
సేటు బీరువాలో కూడా ఇన్ని ఉండవు.

ఎట్లా చెప్పేది ఈయనకు?
లారీ మాటల్లోనే చెప్పినా.
నీ ఎర్రకణం కూడా బండే దొరవేలూ.
ఊపిరితిత్తుల్లో గాలి లోడెత్తుకొని
కాలి బొటనవేలు దాకా దించి రావాల.
నూటిరవై రోజుల పర్మిట్టు.
దోమ దించిపోయిన వాడు మొదట కాలేయంలో మకాం పెట్టి
గుంపయినాక బండెక్కుతాడు.
కొత్త బండ్లంటేనే మక్కువ వీనికి,
షోరూములోంచి అప్పుడే దిగినవి.
కూర్చున్న చోటే సరుకు తింటాడు.
బండి ఉబ్బుతుంది, పాలిపోతుంది,
ఒళ్ళంతా సన్నని చుక్కలు లేస్తాయి అమ్మవారు పోసినట్టు.
నలభై ఎనిమిది గంటలకు
ఒక్కడు పద్దెనిమిది మందయి పగలగొట్టుకొని దూకుతారు,
అన్ని బండ్లలోంచీ ఒకే పూట.
ఆ పూటే నీ చలి.

"మరి డాక్టరమ్మ డొక్క నొక్కి, బల్ల పెరిగిందనె?"
అది చెక్‌పోస్టు.
పగిలిన బండ్లు ఆపి ఆపి అదే వాచింది.

ఆయన నవ్వలేదు. గోళ్ళు చూసుకున్నాడు,
సున్నమద్దినట్టున్నాయి.
"ఇన్ని బండ్లు పోతే నష్టం ఎవురు కడతారు సార్?"

ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు ఇన్నేళ్ళలో.
ఎముకల లోపల షెడ్డుండాది, రాత్రింబగళ్ళు కొత్తవి కడతానే ఉంటాది,
నువ్వు వేళకింత తింటే చాలు, అన్నా.
తిండికి డబ్బులెవరిస్తారో చెప్పలేదు.

పద్నాలుగు రోజులు మాత్రలు. ఒక్కటి కూడా తప్పొద్దు.
కొందరు కాలేయంలో లైట్లార్పుకొని
ధాబా వెనక లారీల్లా నిద్రపోతుంటారు,
నెలలు గడిచినాక కూడా స్టార్టు చేస్తారు.

వారానికి మళ్ళీ వచ్చాడు, రగ్గు లేకుండా.
తానూ చూస్తానన్నాడు.
స్టూలు ఇచ్చాను. ఒక కన్ను మూయడం రాక
అరచేయి అడ్డం పెట్టుకొని చాలాసేపు చూశాడు.
"ఖాళీగా ఉండాదే సార్ రోడ్డు.
ఆ మూల పెద్దదాంట్లో ఏందది, మసి మాదిరి?"
తిన్నోళ్ళు పారేసిన చెత్త. దాన్ని మింగి ఊడ్చేది ఆ తెల్లకణమే.
"పాపం" అన్నాడు, మనిషిని గురించి అన్నట్టు.

వళ్ళెమ్మ చూడనంది.
వేలి మీద తెల్లటి గీతను బొటనవేలితో రుద్దుకుంటా,
"లోపలివి పొయినాయి సరే,
బజారువీధిలోది ఎప్పుడొస్తాదో" అని
కొంగుముడి విప్పి మాత్రలు లెక్కబెట్టింది.
ఇంకా ఏడుండాయి.